బాపు తొడుక్కోని సీసం చొక్కా

మా ఇంట్లో సెల్‌ఫోన్లకు భోజనానికి పిలుపు లేదు. వరండా మూలన పాత ఇత్తడి గంగాళం ఒకటి ఉంది. అన్నానికి కూర్చునే ముందు ఎవరి ఫోను వాళ్లు అందులో వేసి రావాలి. కలెక్టరు వచ్చినా అంతే, కలెక్టరు వాళ్ల నాయన వచ్చినా అంతే. ఇంతవరకు ఇద్దరిలో ఎవరూ రాలేదనుకోండి, అది వేరే సంగతి. ఒకసారి పండగ పూట గంగాళంలో పదకొండు ఫోన్లు కలిసి మోగితే, మా ఇంట్లో పెళ్లనుకుని పక్కింటివాళ్లు కొత్త బట్టలు కట్టుకుని వచ్చారు.

నా చెల్లెలు నాకంటే రెండాకులు ఎక్కువే చదివింది. దానికి ఫోనొస్తే బల్ల మీద పెట్టి, మూడడుగులు వెనక్కి జరిగి, అక్కడి నుంచి అరుస్తుంది. ఆ గొంతుకు అసలు ఫోనే అక్కరలేదు. మానుకోటలో అది మాట్లాడితే, జనగామలో నేను కిటికీ తెరిస్తే చాలు. పిల్లలు వెనకాల నవ్వుకుంటారు. "చిన్నమ్మా, గా మూడడుగుల లెక్క ఏ సైంటిస్టు చెప్పిండు?" అని అడుగుతారు. దానికి గుర్తుందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం తెలుసు. ఆ లెక్క చెప్పింది మా నాయనమ్మ. కిరణాల విషయంలో ఆమెను మించిన సైంటిస్టు మా జిల్లాలో పుట్టలేదు.

మా బాపు జనగామలో ఒక ప్రైవేటు దవాఖానలో ఎక్స్‌రే గదిలో పనిచేసేవాడు. ఆ దవాఖానా లేదు, ఆ డాక్టరూ లేడు, పేర్లతో పని లేదు. ఎక్స్‌రే అనే మాట అప్పుడు ఊళ్లో ఎవరికీ నోరు తిరిగేది కాదు. బొక్కల ఫోటువ అనేవాళ్లు, మా దగ్గర బొక్కంటే ఎముక. చిల్పూరులో తాటిచెట్టు మీంచి పడ్డవాడూ, భూపాలపల్లి అడవిలో దుంగ కింద కాలు పోయినవాడూ, బండి ఎక్కీ బస్సు ఎక్కీ మనిషి భుజమెక్కీ వచ్చి, మా బాపు ముందర తమ బొక్కలు పరిచేవాళ్లు. నలభై ఊళ్ల మనుషుల్ని బాపు ముఖం చూసి గుర్తుపట్టలేకపోయేవాడు గానీ, మోచెయ్యి చూపిస్తే ఇంటిపేరుతో సహా చెప్పేవాడు.

ఆయన ఆ గదిలోకి చదువుకుని వెళ్లలేదు. చీపురు పట్టుకుని వెళ్లాడు. అరవై తొమ్మిది ఉద్యమం నాటి మాట. లాఠీలకు చేతులు విరిగిన కాలేజీ పిల్లలు దవాఖాన వరండాలో వరుసగా కూర్చున్నారట. మిషను నడిపే అతను పోలీసులకు భయపడి, చెప్పులు కూడా వేసుకోకుండా ఊరు విడిచిపెట్టాడట. డాక్టరు చుట్టూ చూస్తే కనిపించింది ఊడుస్తున్న మా బాపు.

"చీపురు కింద వెయ్. గీ పిలగాని చెయ్యి పట్టు. కదలనియ్యకు."

బాపు పట్టుకున్నాడు. పదమూడేళ్లు మళ్లీ వదల్లేదు. అప్పుడు తెలంగాణ రాలేదు గానీ మా బాపుకు కొలువొచ్చింది.

పని అంటే అదే, పట్టుకోవడం. విరిగిన చెయ్యి నొప్పికి వణుకుతుంది, ఫోటో చెదిరిపోతుంది. పసిపిల్లలైతే బల్ల మీద చేపల్లా ఎగురుతారు. కాబట్టి ఒక మనిషి బల్ల పక్కన నిలబడి వాళ్లను కదలకుండా పట్టుకోవాలి. మీట నొక్కే మనిషి గోడ వెనకాల ఉంటాడు. పట్టుకునే మనిషికి గోడ ఉండదు. బొక్క అతికించేటప్పుడైతే గది చీకటి చేసి, మిషను ఆన్‌లోనే ఉంచి, ఆకుపచ్చగా వెలిగే అద్దంలో చూసుకుంటూ డాక్టరు సరిచేసేవాడు, బాపు లాగి పట్టేవాడు. ఆ అద్దంలో రోగి బొక్కల పక్కన బాపు వేళ్ల బొక్కలు కూడా కనిపించేవట. సొంత బొక్కల్ని అన్నిసార్లు చూసుకున్న మనిషి ఈ భూమ్మీద ఇంకొకడు ఉండడు. "నా చూపుడేలు బొక్క మస్తు అందంగుంటది" అని ఆయన మాతో గొప్పలు పోయేవాడు.

ఆ కిరణాలు తగలకుండా తొడుక్కోవడానికి సీసం రేకు కుట్టిన బరువైన చొక్కాలు రెండుండేవి. కొత్తది డాక్టరుది. భుజం దగ్గర పగిలిన పాతది బాపుది. బరువు రెండు మణుగులని నేనంటాను, ఐదు కిలోలని మా అమ్మ అంటుంది. ఎత్తింది ఆమే కాబట్టి ఆమె మాటే ఉంచుకోండి.

నా తర్వాత అమ్మకు రెండు కడుపులు పోయాయి. రెండోది ఏడో నెలలో. ఆ పిల్లవాణ్ని ఎక్కడ పెట్టారో అమ్మకు చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆ వారంలోనే దవాఖాన కాంపౌండరు చాయ్ తాగుతూ బాపుతో ఒక మాట అన్నాడు.

"అన్నా, గా కిరణాలు కడుపులకు మంచివి గావు. డాక్టరమ్మ కడుపుతోని ఉన్నప్పుడు గా గది దిక్కు కాలు పెట్టకపోయేది."

ఆ మాట నిజమే. అబద్ధమైనా బాగుండేది. బాపు దాన్ని భుజాన వేసుకుని ఇంటికి వచ్చి వాళ్ల అమ్మ ముందు, అంటే మా నాయనమ్మ ముందు దించాడు.

నాయనమ్మ వక్క నములుతూ అంతా విన్నది. "కండ్లకు కనవడయా?" అన్నది.

"కనవడయి అవ్వా."

"వాసన?"

"ఉండది."

"మరింక అడుగుడేంది? మైల సుత గంతే. కండ్లకు కనవడదు, మనిషికి అంటుకుని ఇంట్లకొస్తది. చావు కాడికి పోయినోడు ఎట్లొస్తడో నువ్వు గట్ల రావాలె రేపటిసంది."

అలా మా ఇంట్లో కిరణాల చట్టం వచ్చింది. బాపు పొద్దుగూకే వేళకు దవాఖాన నుంచి వచ్చి, వీధి గుమ్మం ఎక్కకుండా, సందులోంచి పెరట్లోకి పోవాలి. బావి దగ్గర తల మీంచి స్నానం చేయాలి. విడిచిన బట్టల్ని నాయనమ్మ కర్రతో ఎత్తి, పామును పట్టినట్టు పట్టి, పసుపు నీళ్లలో వేసేది. ఆయన కంచం వేరు, చెంబు వేరు, పడక పెరటి కొట్టంలో. అమ్మా నేనూ ఆయనకు మూడడుగులు ఎడంగా ఉండాలి. ఏదైనా ఇవ్వాలంటే నేల మీద పెట్టి వెనక్కి జరిగితే, అవతలివాళ్లు వచ్చి తీసుకోవాలి. మూడు ఎందుకు, నాలుగు ఎందుకు కాదని నేనొకసారి అడిగాను. "నాలుగైతే గోడొస్తది" అన్నది నాయనమ్మ. మా ఇల్లు అంతే మరి.

బాపు ఎదురు చెప్పలేదు. పైగా ఎవరైనా మరిస్తే ఆయనే గుర్తు చేసేవాడు. చిల్పూరు గుట్ట జాతరకు పోయినప్పుడు ఊళ్లోని పిల్లలంతా నాయనల భుజాల మీద ఉన్నారు. నేను నడిచాను. జాతరలో నేను చూసినవి మూడు వందల ధోవతులు, రెండు వందల మోకాళ్లు, ఒక మేక. "బాపూ, ఎత్తుకో" అని చేతులు చాపితే ఆయన గబుక్కున వెనక్కి జరిగి, ఎవరో ముసలమ్మ కాలు తొక్కాడు. "నీ తమ్ముడు మల్ల వస్తడు బిడ్డా, జర ఓర్సుకో" అన్నాడు. ఆ తమ్ముడు మళ్లీ ఎలా వస్తాడో నాకు అర్థం కాలేదు గానీ, అది నా వల్లే ఆగిపోతుందని మాత్రం అర్థమయింది. మళ్లీ అడగలేదు.

చట్టం ఏ రాత్రి కన్ను మూసిందో గానీ, నా తర్వాత మూడోసారి అమ్మకు నెల తప్పగానే బాపు సీసం చొక్కాను సంచిలో చుట్టి ఇంటికి తెచ్చాడు. అక్కడ తొడుక్కోవాల్సింది ఇక్కడికి తెచ్చాడు. స్నానం చేసినా ఏమైనా మిగిలి ఉంటే అది అమ్మ కడుపు దాకా పోకూడదని. "మరి నీకో?" అని అమ్మ అడిగితే, "నేనేమన్న కడుపుతోనున్ననా?" అన్నాడు. మా ఇంటిల్లిపాదీ నవ్వాం. నేనూ నవ్వాను.

బాపు ఇంట్లో ఉన్నంతసేపూ అమ్మ ఆ చొక్కాలోనే ఉండేది. దాంట్లోనే సర్వపిండి కాల్చింది, దాంట్లోనే పప్పు రుబ్బింది. ముందు నుంచి చూస్తే పోలీసు జీపులా ఉండేది. నడిచి వస్తుంటే అటక మీది గిన్నెలు ముందే కబురు చెప్పేవి. పక్కింటావిడ గోడ మీంచి, "ఏందక్కా, గదేంది తొడుక్కున్నవ్?" అని అడిగితే అమ్మ "చలి" అన్నది. అది మే నెల. జనగామలో కాకులు కూడా నీడలో నడిచే ఎండలు.

ఏడో నెల వచ్చేసరికి నాయనమ్మకు చొక్కా మీద కూడా నమ్మకం చాల్లేదు. అమ్మను మానుకోటలో తల్లిగారింటికి పంపింది. మధ్యలో కాజీపేటలో రైలు మారాలి కాబట్టి కిరణాలు అక్కడ తప్పిపోతాయని ఆమె లెక్క. చెల్లెలు అక్కడే పుట్టింది, ప్రాణంతో, దిట్టంగా, ఊరంతా వినపడే గొంతుతో. నెలల పిల్లతో అమ్మ తిరిగి వస్తే జనగామ స్టేషన్‌కు బాపు నన్ను వెంటబెట్టుకుని వచ్చాడు. ప్లాట్‌ఫారం మీద స్తంభం పక్కన నిలబడి, "జర పిల్ల మొఖం ఇటు తిప్పు" అన్నాడు. అమ్మ తిప్పింది. "ఇంకింత పైకెత్తు." ఎత్తింది. "సాలు, సాలు, ఎండ" అన్నాడు. తర్వాత మా వెనకాల మూడడుగుల దూరంలో సంచులు మోసుకుంటూ వచ్చాడు. చూసినవాళ్లు కూలీ అనుకుని ఉంటారు.

పిల్ల బతికింది కాబట్టి చట్టం గెలిచింది. ఇక దానికి అడ్డేముంది? చొక్కాను తిరిగి ఇచ్చేస్తానని బాపు అంటే, "ఐదేండ్లు నిండనీ" అని నాయనమ్మ ఖాయం చేసింది. దవాఖానలో డాక్టరు ఆ చొక్కా ఏదని ఒక్కసారి కూడా అడగలేదు. అడగకపోవడం ఆయన మంచితనం అని బాపు అనుకున్నాడు.

వానాకాలంలో కొట్టం కురిస్తే బాపు ఇంట్లోకి వచ్చి కూర్చోవాల్సి వచ్చేది. అప్పుడు అమ్మ చెల్లెలి మంచానికి అడ్డంగా సీసం చొక్కాను వేలాడదీసి, "దీని ఎనుక ఉంటే బాపు ఏం గాదు" అని చెప్పేది. చెల్లెలికి ముందు వచ్చిన మాట అమ్మ కాదు, అత్త కాదు. "ముట్టద్దు." అంకెలు కూడా అలాగే వచ్చాయి. ఒకటి, రెండు, మూడు. అక్కడ ఆగిపోయేది. మూడు తర్వాత దానికి అవసరం పడలేదు.

ఈలోగా బాపు చేతులు చెడిపోవడం మొదలైంది. ముందు గోళ్లు నల్లబడి, నిలువునా చీలాయి. తర్వాత వేళ్ల మీద తోలు ఎండిన బీరకాయలా గరుకుగా అయింది. చూపుడు వేలి మీద ఒక పుండు పడి, ఎన్ని నెలలైనా మానలేదు. నాయనమ్మ ఆముదం రాసింది, పసుపు కట్టింది. డాక్టరు చూసి, ఫోటోలు కడిగే మందు నీళ్లు పడలేదని మలాం రాసిచ్చాడు. బాపు ఆ చేత్తోనే పిల్లల్ని పట్టుకుంటూ పోయాడు. నొప్పికి ఒకసారి చెయ్యి వణికి ఫోటో చెదిరితే, జీవితంలో మొదటిసారి తిట్లు తిన్నాడట. అప్పుడు గానీ పట్నం పోదామని అనలేదు.

పట్నంలో పెద్ద దవాఖానకు బాపూ అమ్మా నేనూ పోయాం. బోర్డులు చదవడానికి నన్ను తీసుకుపోయారు. అప్పటికి నేను ఎనిమిదో తరగతి. కోస్తా యాసతో మెల్లగా మాట్లాడే పెద్ద డాక్టరు ఒకాయన బాపు చేతుల్ని దీపం కింద పెట్టి చాలాసేపు చూశాడు. ఏం పని చేస్తావని అడిగాడు. బాపు చెప్పాడు.

"చేతులు మిషను కింద పెట్టి పట్టుకునేవాడివా? ఎన్నేళ్లు?"

"అరవై తొమ్మిది గడబిడలకెళ్లి సార్."

"లెడ్ ఏప్రాన్ లేదా మీ దగ్గర?"

"ఉండె సార్. ఇంట్ల ఉన్నది."

"ఇంట్లోనా? ఇంట్లో ఎందుకు?"

"పిల్లలకు సార్. నా ఒంటికంటుకున్న కిరణాలు గా పిల్లలకు తగులకుంట."

డాక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. దాన్ని తుడవలేదు, మళ్లీ పెట్టుకోనూ లేదు.

"ఒంటికి అంటుకోవయ్యా అవి," అన్నాడు. "దీపం లాంటివి. స్విచ్ ఆపేస్తే అయిపోయినట్టే. నీ చొక్కాకీ అంటవు, నీ ఒంటికీ అంటవు. నువ్వు పని దిగి తిన్నగా ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకున్నా ఏమీ కాదు. ఎవరు చెప్పారు నీకు?"

బాపు నేల చూశాడు. మా నాయనమ్మ పేరు చెప్పలేదు. "గిట్లనే అనుకున్నం సార్" అన్నాడు.

కుడి చేతి చూపుడు వేలు, మధ్య వేలు తీసేశారు. అందమైన బొక్క అది. మిగిలినదాని సంగతి డాక్టరు అమ్మను వరండాలోకి పిలిచి చెప్పాడు. చంకలో గడ్డ ఉందనీ, ఆలస్యమయిందనీ. నేను బోర్డులు చదువుతున్నట్టు నటిస్తూ అంతా విన్నాను.

తిరుగు రైలులో బాపు అలవాటు కొద్దీ ఎదుటి బల్ల మీద, కిటికీ మూలకు పోయి కూర్చున్నాడు. భువనగిరి దాటాక అమ్మ లేచి, రైలు డబ్బా అంతా ఖాళీగా ఉన్నా పోయి ఆయన పక్కనే, భుజం తగిలేలా కూర్చున్నది. బాపు జరగబోయాడు.

"జరిగినవంటే రైలు దూకుత" అన్నది అమ్మ.

బాపు జరగలేదు.

ఇంటికి రాగానే నాయనమ్మకు సంగతి చెప్పాం. ఆమె వక్క నమలడం ఆపింది. "పట్నపు డాక్టరుకు ఏమెరుక? మరి పిల్ల ఎట్ల బతికె?" అన్నది. ఆమె లేచి బావి దగ్గరకు పోయి, ఎవరూ విడవని బట్టల కోసం పసుపు నీళ్లు కలుపుతూ కూర్చున్నది. ఆ రోజు అన్నం ముట్టలేదు.

బాపు మాత్రం ఆమె మాట వినే తీరిక లేనట్టు, నడిమింట్లో గొంతుక్కూర్చుని, కట్టు కట్టిన చెయ్యీ మంచి చెయ్యీ రెండూ చాపాడు. నేను ఎత్తుకునే వయసు దాటిపోయాను. నాలుగేళ్ల చెల్లెలు ఇంకా దాటలేదు.

"రా బిడ్డా."

చెల్లెలు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ వెనక్కి జరిగింది. "ముట్టద్దు బాపూ. కిర్నాలు."

"లేవట బిడ్డా. డాక్టర్ సాబ్ చెప్పిండు."

"నువ్వు తానం జెయ్యలే."

బాపు పోయి స్నానం చేసి వచ్చాడు, కట్టు తడవకుండా చెయ్యి ఆకాశంలోకి ఎత్తి. చెల్లెలు ఇంకో అడుగు వెనక్కి వేసింది. నాయనమ్మ చెప్పింది నిజమే, నాలుగో అడుగుకే గోడ వచ్చింది. దానికి వీపు ఆనించి ఏడుపు మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఆరు నెలలు మా ఇంట్లో జరిగింది ఒకే ఒక పని. బాపు చిన్నదాన్ని మచ్చిక చేసుకోవడం. దవాఖానవాళ్లు రెండు వేళ్లు లేనివాడితో పని లేదన్నారు కాబట్టి ఆయనకు పగలంతా తీరికే. నువ్వుల ఉండలు తెచ్చాడు, పిప్పరమెంట్లు తెచ్చాడు, రంగుల గాజులు తెచ్చాడు. జనగామ బజారులో పిల్లలు చూసే సరుకు అంటూ మిగల్లేదని నా ఉద్దేశం. చేతిలో పెట్టుకుని చూపిస్తే చెల్లెలు వచ్చేది కాదు. నేల మీద పెట్టి వెనక్కి జరిగితే వచ్చి తీసుకునేది. తీసుకుని, బుద్ధిగా, చట్టం ప్రకారం దూరం జరిగి తినేది. దాన్ని అంత బాగా పెంచింది మేమే. అమ్మ ఒకసారి పట్టరాని కోపంతో దాన్ని ఎత్తుకెళ్లి బాపు ఒళ్లో వేయబోతే, అది ఊపిరి బిగబట్టి నీలంగా మారిపోయింది. "వద్దు, వద్దు, ఇడిసిపెట్టు" అని బాపే లేచి కొట్టంలోకి పోయాడు.

చలికాలం వచ్చేసరికి ఆయనకు కుడి చెయ్యి భుజం నుంచి లేవడం మానేసింది. మనిషి గోడకు ఆనించిన కర్రలా సన్నబడ్డాడు. పగలు ఎండ పొడకు నడిమింట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్లం. మిఠాయిలు తెచ్చే ఓపిక లేదు. పిలవడం కూడా మానేశాడు, ఊరికే చూస్తుండేవాడు.

ఒక మధ్యాహ్నం నేనూ అమ్మా వంటింట్లో ఉంటే, నేల మీద ఏదో ఈడుస్తున్న చప్పుడు వచ్చింది. బస్తా లాగినట్టు. తొంగి చూశాం. చెల్లెలు కొయ్యకున్న సీసం చొక్కాను కింద పడేసి, రెండు చేతులతో లాక్కుంటూ నడిమింట్లోకి తెస్తోంది. నాలుగు అంగలకోసారి ఆగి రొప్పుతోంది. బాపు ముందుకు వచ్చి దాని కంతలో తల దూర్చింది. చొక్కా నేల దాకా జారి, ఆ పైన దాని తల మాత్రం కనిపించింది, డేరాలోంచి తాబేలు చూసినట్టు.

"ఇగ ముట్టచ్చు" అన్నది.

అమ్మ కదిలింది. నేను ఆమె చీర కుచ్చిళ్లు పట్టి ఆపాను.

కుడి చెయ్యి లేవని బాపు ఎడమ చేత్తో చొక్కా కొస పట్టి లాగాడు. అది మోకాలు మీద కాలు వేసి, సీసంతో సహా పాకి, ఆయన ఒళ్లోకి చేరింది. కుర్చీ కీచుమన్నది. ఆయన ముఖం నొప్పికి ముడుచుకుపోయింది, అయినా దించలేదు. పసిపిల్లల్ని బల్ల మీద పట్టుకున్న చెయ్యి కదా, కదలకుండా పట్టుకోవడం దానికి తెలుసు. చెల్లెలు చొక్కా లోపల చేతులు దాచుకుని, గడ్డం ఆయన ఛాతీకి ఆనించి, కాసేపటికి కళ్లు మూసుకున్నది. పగిలిన భుజం దగ్గర మాత్రం దాని గౌను గుడ్డ బయటికి కనిపించింది. బాపు ఎడమ బొటనవేలితో అక్కడ ఒకసారి ముట్టుకున్నాడు.

చాలాసేపటికి వంటింటి వైపు చూసి, మేం తొంగి చూడడం కనిపెట్టాడు. పిల్ల లేవకుండా గొంతు తగ్గించి, "పిల్ల మంచిగ బరువున్నదే" అన్నాడు అమ్మతో. "నేను సన్నగుందనుకున్న."

"ఆఁ, మంచిగనే తింటది" అన్నది అమ్మ.